ముదిరిన ఆనపకాయ దసరాకి ఎండదు

ముందుగా మీరు అడిగింది నాలుగు ముక్కల్లో మళ్ళీ రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకి అర్థమవ్వాలి కదా. విజయనగరంలో ఇల్లు, వెనక పెరట్లో పందిరి మీద ఆనప పాదు, ప్రహరీ మీద నేతిబీర, నాలుగు బెండ మొక్కలు, కుండీల్లో మిరప. పైడితల్లమ్మ పండక్కి చుట్టాలొస్తారు కాబట్టి ఈసారి ప్లాస్టిక్ పూలు మానేసి, పెరట్లో ఎండిన కాయలతోనే గుమ్మం దగ్గర పల్లెటూరి కళ వచ్చేలా ఏదైనా కట్టాలని ఉంది. వీడియోల్లో చూసినట్టు రెండు ఆనపకాయలు కోసి డాబా మీద ఎండలో పెడితే ఒకటి పదో రోజుకి అడుగున నీరు కారి కంపు కొట్టింది, రెండోది ముసలమ్మ మొహంలా ముడతలు పడింది. తప్పెక్కడ జరిగింది, ఓవెన్లో పెడితే ఎండుతుందా, వార్నిష్ వేయాలా, ఈ పండక్కి అసలు ఏం చేయొచ్చు అని మీ ప్రశ్న.

అసలు తప్పు మీది కాదండీ, నెలది.

మీరు చూసిన ఆ వీడియోల్లో మెట్ల మీద పేర్చిన గుమ్మడికాయలు ఉంటాయి చూడండి, నారింజ రంగువి, అవి ఎండినవి కావు. అప్పుడే పొలంలోంచి తెచ్చిన పచ్చి కాయలు, బాగా పండినవి, అంతే. అక్టోబరు 31న వాళ్ళ హాలోవీన్ అయ్యాక వారం పది రోజులకే చెక్కిన కాయలు కుళ్ళిపోతాయి. గట్టి పెంకు ఉండే బుర్రకాయలు, అంటే మన ఆనపలాంటివి, అక్కడ కూడా శరత్కాలంలో ఎండవు. మంచు పడి పాదు చచ్చాక కోసి, చలికాలమంతా గాలి తగిలేచోట పడేస్తే వచ్చే ఎండాకాలానికి గలగలమంటాయి. అంటే ఈ అక్టోబరు ఫొటోలో కనిపించే ఎండు బుర్ర నిరుటి కాయ అన్నమాట. ఆ మాట వీడియోలో ఎవరూ చెప్పరు, పది సెకన్లలో పచ్చికాయ ఎండుకాయ అయిపోతుంది.

మన దగ్గర అయితే ఆశ్వయుజం ఇంకా అన్యాయం. భాద్రపదం వానలు పూర్తిగా ఆగవు, ఆగాయి అనుకునేసరికి తుపాన్లు మొదలు. గాలిలో తేమ ఎంతుంటుందంటే పొద్దున్న ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి ఆరదు, ఇంక రెండు కిలోల కాయ ఏం ఆరుతుంది? ఆనపకాయలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే. ఆ నీళ్ళన్నీ పెంకులోంచి, తొడిమలోంచి నెమ్మదిగా బయటికి పోవాలి. బయట గాలే తడిగా ఉంటే లోపలి తడి ఎటూ పోలేక గుజ్జు పులిసి కుళ్ళుతుంది. మీ మొదటి కాయకి అదే అయింది.

నా సంగతి చెప్తాను. మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె, ఈ కాయల పిచ్చి నాకు పదిహేనేళ్ళుగా ఉంది. 2018లో మొదటిసారి బాగా కుదిరాయి, ఎండాకాలంలో ఎండిన ఏడు బుర్రలు, మొక్కజొన్న పొత్తుల గుత్తులు, ఒక పెద్ద మిరపకాయల దండ, అన్నీ దసరాకి వారం ముందే వసారాలో కట్టేశాను, ఎవరొచ్చినా ముందు వాటినే చూపించేదాన్ని. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన రాత్రి అది, వాటి ముందు నా బుర్రలు ఒక లెక్కా. కానీ ఈ పాఠం మాత్రం అప్పుడే వచ్చింది: పూర్తిగా ఎండిన కాయ కూడా జల్లు కొట్టి తడిసి, కరెంటు లేక ఫ్యాను గాలి లేక నాలుగు రోజులు అలాగే ఉంటే లోపలి నుంచి మెత్తబడుతుంది. ఏడింటిలో రెండే మిగిలాయి, ఆ రెండూ లోపల గింజలు తీసి శుభ్రం చేసినవి. గింజలూ ఎండు గుజ్జూ లోపల ఉన్న అయిదూ నానిపోయాయి.

అందుకని మన జిల్లాల్లో లెక్క ఇలా పెట్టుకోండి. కాయలు ఎండే కాలం సంక్రాంతి నుంచి ఉగాది దాటేవరకు. పుష్యంలో మంచు ఉన్నా పగలు ఎండ పొడిగా ఉంటుంది, మాఘ ఫాల్గుణాల్లో గాలి పూర్తిగా ఆరిపోతుంది. ఈ దసరాకి కట్టాలనుకున్న బుర్ర పోయిన కొత్తమాసకి, అంటే ఉగాది ముందు అమావాస్యకి, ఇంట్లో వేలాడుతూ ఉండాలి.

నిజానికి ఇదంతా మనకి కొత్త విద్య కాదు. మా నాయనమ్మ వంటింట్లో పొయ్యి పైన వాసానికి ఎప్పుడూ రెండు ఆనపకాయలు, ఒక బీరకాయ, తొక్క వెనక్కి వలిచి జడలా అల్లిన మొక్కజొన్న పొత్తులు నాలుగు వేలాడుతుండేవి. అలంకరణ కాదు అది, విత్తనం. పాదు మీద అన్నిటికన్నా బాగున్న కాయని కూరకి కొయ్యనిచ్చేది కాదు, దానికి ఒక గుడ్డ పీలిక కట్టేది, ఆ గుడ్డ ఉన్న కాయ జోలికి వెళ్తే వీపు చిట్లేది మాకు. పొయ్యి పొగ తగిలి తగిలి ఆ కాయలు నల్లటి గోధుమ రంగుకి వచ్చేవి, ఆ రంగు ఏ వార్నిష్‌తోనూ నాకు ఇప్పటిదాకా రాలేదు. పొగ వల్ల పురుగు పట్టదు, ఎత్తులో ఉంటే ఎలక అందుకోలేదు, వేడికి తడి ఆరిపోతుంది. మూడు పనులూ ఒక్క చోటే. వానలు పడగానే దింపి, పగలగొట్టి, గింజలు ఇరుగుపొరుగుకి పంచేది. మీరు చేయబోయేది కూడా అదే పని అనుకుంటే చాలా తప్పులు వాటంతటవే తప్పిపోతాయి. విత్తనానికి పనికొచ్చేంత ముదిరిన కాయే అలంకరణకి పనికొస్తుంది. కూరకి పనికొచ్చే కాయ దేనికీ ఎండదు.

సరే, ఇప్పుడు ఆనపకాయ సంగతి కాస్త వివరంగా.

ఏ రకం అన్నది ముందు చూసుకోవాలి. సంతలో దొరికే పొడుగాటి హైబ్రిడ్ రకాలకి పెంకు పల్చగా వస్తుంది, ఎండాక వేలితో నొక్కితే చిట్లిపోతుంది. గుండ్రంగా కుండలా ఉండేవి, మెడ సన్నగా కింద బొజ్జ ఉండేవి, ఆ దేశవాళీ రకాల పెంకు గట్టిది. సీతంపేట, కురుపాం వైపు కొండ ఊళ్ళలో పెద్దవాళ్ళు నీళ్ళు, అంబలి పోసుకుని పొలానికి పట్టుకెళ్ళిన బుర్రలు ఆ రకంవే. అటు వారపు సంతలకి వెళ్ళినప్పుడు విత్తనం అడిగి చూడండి, కాయ అమ్మకానికి లేకపోయినా గింజలు దొరుకుతాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు కదా, ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, ఆ వీణకి మెడ కింద ఉండే రెండో బుర్ర కూడా పూర్వం నిజం ఆనపబుర్రే. పాటని మోసేంత గట్టి పెంకు అన్నమాట, మన గుమ్మం పక్కన వేలాడ్డం దానికి పెద్ద పని కాదు.

ఎప్పుడు విత్తాలి అంటే, కూరకయితే తొలకరికి వేస్తాం, ఎండబెట్టడానికి మాత్రం వినాయక చవితి దాటాక, వానలు కాస్త నెమ్మదించాక వేసింది మేలు. గింజ పడ్డ రెండు నెలలకి కూరకాయ వస్తుంది, అదే కాయ పెంకు గట్టిపడి ముదరాలంటే మొత్తం నాలుగు నెలలు దాటుతుంది. అంటే సంక్రాంతి తర్వాత, సరిగ్గా ఎండే కాలానికి. ఆనప పువ్వు తెల్లగా సాయంత్రం పూట విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగులు దాన్ని కలుపుతాయి. టౌనులో వీధి దీపాల మధ్య పిందెలు పడకుండా రాలిపోతుంటే చీకటి పడేవేళ మగపువ్వు కోసి, రేకులు తుంపి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా తాకించండి. పాదుకి రెండు మూడు కాయలకన్నా ఎక్కువ ముదరనివ్వకండి. కాయ ముదురుతుంటే పాదు బలమంతా దానికే పోయి కొత్త పిందెలు తగ్గిపోతాయి, తర్వాత ఇంట్లో కూరకి కాయ లేదని గొడవ. అనుభవంతో చెప్తున్నాను.

కోయాల్సిన సమయం చెప్పేది కాయ కాదు, తొడిమ. తొడిమ పచ్చగా, గుజ్జుగా ఉన్నంతకాలం ముట్టుకోకండి. అది గోధుమ రంగుకి తిరిగి కట్టెపుల్లలా అవ్వాలి, దాని పక్కన నులితీగ ఎండిపోవాలి, కాయ మీద ఆకుపచ్చ పోయి పాలిపోయినట్టు అవ్వాలి. గోరు గుచ్చి చూస్తే దిగకూడదు. ఆకులన్నీ ఎండిపోయి పందిరి మీద కాయలే మిగిలినా కంగారు పడకండి, ఎండాకాలం ముంగిట్లో అయితే అక్కడే ఎండనివ్వొచ్చు, అంతకన్నా మంచి చోటు లేదు. కత్తెరతో, తొడిమ మూడు నాలుగు వేళ్ళ పొడుగు ఉంచి కోయండి. ఆ తొడిమ పట్టుకుని కాయని ఎత్తకండి, ఊడిపోతే అక్కడ పడిన కన్నంలోంచే కుళ్ళు మొదలవుతుంది. కింద పడి దెబ్బ తగిలిన కాయ మీద ఆశ వదులుకోండి, పైకి ఏమీ కనిపించకపోయినా లోపల నలిగిన చోట పది రోజుల్లో మెత్తబడుతుంది.

కోశాక సబ్బు నీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఇక్కడే అందరూ చేసే తప్పు, మీరూ చేశారు, డాబా మీద మండుటెండలో పెట్టడం. వడియాలకి ఎండ కావాలి, బుర్రకి గాలి కావాలి. ఎండ తగిలిన వైపు పెంకు ముందే బిగుసుకుని, లేతగా ఉంటే ముడుచుకుపోయి, నీడ వైపు తడిగానే ఉండి, మధ్యలో పగులు పడుతుంది. నేల మీద పెడితే అడుగు భాగానికి గాలే తగలదు. ఉల్లిపాయలు వచ్చే వల సంచి ఉంటుంది చూడండి, కాయకి ఒకటి చొప్పున అందులో వేసి, వసారాలో వాన జల్లు పడని చోట, ఒకదానికి ఒకటి తగలకుండా వేలాడదీయండి. వారానికోసారి సంచి తిప్పండి, అంతే. ఆకాశం మబ్బు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద పెట్టండి.

నెల తిరిగేసరికి కాయ మీద బూజు వస్తుంది. తెల్లది, నల్లది, ఒక్కోసారి పచ్చగా కూడా. చాలామంది ఇక్కడే భయపడి పారేస్తారు. బూజు రావడమంటే లోపలి తడి బయటికి వస్తోందని అర్థం, పెంకు గట్టిగా ఉన్నంతసేపు అది పైపైనే ఉంటుంది. పొడిగుడ్డతో తుడిచి, గుడ్డ బయట పారేయండి, చేతులు కడుక్కోండి. నొక్కి చూస్తే మెత్తగా దిగినా, అడుగున జిగురు కారినా, అప్పుడు మాత్రం నేరుగా ఎరువు గుంటలోకే. ఆ బూజు వల్ల పెంకు మీద గోధుమ, నలుపు మచ్చలు మబ్బుల్లా ఏర్పడతాయి, పై పొర తీసేశాక కూడా అవి ఉండిపోతాయి. అవే బుర్రకి అందం. వాటిని దాచడానికి గోల్డ్ కలర్ స్ప్రే కొట్టేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది, ఆ మాత్రం దానికి ప్లాస్టిక్ కాయలే కొనుక్కోవచ్చు కదా.

మూడు నుంచి ఆరు నెలలు. ఇంతకన్నా తొందర దారి లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గింజలు గలగలమనాలి, చేతిలో ఎత్తితే గాలిబుడగలా తేలిపోవాలి. ఒక్కోసారి గుజ్జు ముద్దలా ఎండిపోయి గింజల్ని పట్టేసుకుంటుంది, అప్పుడు చప్పుడు రాదు కానీ బరువు లేకపోవడం చూసి పోల్చుకోవచ్చు.

ఎండాక తడిగుడ్డ చుట్టి గంటసేపు ఉంచితే పై పొర మెత్తబడుతుంది, బీరపీచుతోనో గిన్నెలు తోమే స్టీలు పీచుతోనో రుద్దితే పొట్టులా లేచిపోతుంది. తర్వాత ఒకరోజు ఆరనిచ్చి సన్నటి గరుకు కాగితం. కోయాలంటే హాక్సా బ్లేడు చాలు, కానీ ముక్కుకి మాస్కు కట్టుకోకుండా కోయొద్దు, ఆ దుమ్ము గొంతులోకి పోతే చేదు, మంట, సాయంత్రం దాకా దగ్గు. లోపల గీకి శుభ్రం చేస్తే తిత్లీ కథ మళ్ళీ జరగదు. గింజల్ని సీసాలో దాచుకోండి, పై ఏడాదికి అవే. ఇంకో ముఖ్యమైన మాట: ఈ అలంకరణ రకాల్లో కొన్ని చేదుగా ఉంటాయి. పొరపాటున కూడా చేదు ఆనపకాయ కూర వండుకోవడం, రసం తీసుకుని తాగడం చేయకండి, అది విషం చేస్తుంది. ముక్క నాలుక మీద పెట్టగానే చేదనిపిస్తే ఉమ్మేసి కాయ అవతల పారేయాలి.

నేతిబీర మీకు ఇప్పుడే పనికొస్తుంది. ప్రహరీ మీద ఉన్నవాటిలో గోధుమ రంగుకి తిరిగి, చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉన్నవి ఉంటే కోసేయండి. పై తొక్క కరకరలాడుతూ ఊడొస్తుంది, కింద మూత లాంటిది తీసి తలకిందులు చేసి దులిపితే నల్ల గింజలు రాలిపోతాయి. మిగిలేది పీచు. సగం తొక్క ఉంచి సగం వలిస్తే ఇంకా బాగుంటుంది, జాలీ కిటికీలా వెలుతురు పడుతుంది లోపల్నుంచి. మా అమ్మాయి దీపావళికి వాటిలో చిన్న బ్యాటరీ లైట్లు పెట్టింది, నేను మొదట నవ్వాను కానీ చీకట్లో చూస్తే నిజంగానే బాగుంది. నూనె దీపం మాత్రం దగ్గరికి రానీయకండి, ఎండు పీచు పెట్రోలులా అంటుకుంటుంది. ఇంకా ఆకుపచ్చగా ఉన్నవాటిని పాదు మీదే వదిలేయండి, వాన ఎక్కువయితే మాత్రం పసుపు తిరగగానే కోసి తొక్క వలిచి, పీచుని నీళ్ళలో పిండి ఆరబెట్టుకోండి, కుళ్ళేదానికన్నా నయం.

బెండకాయలకి పనేమీ లేదు. కోయడం మర్చిపోవాలి, అంతే, ఆ మర్చిపోవడం మనకి బాగానే వచ్చు. మొక్క మీదే ఎండి గాట్ల వెంట విచ్చుకుని పువ్వులా అవుతాయి, కొమ్మతో సహా కోసుకోండి. నూగు చేతికి గుచ్చుకుని దురద పెడుతుంది, పాత సాక్సు వేసుకుని కోయండి.

మిరపకాయలు పండక్కి మీ కుండీల్లోవి ఎండవు, ఆ తడి గాలికి తొడిమ దగ్గర బూజు పట్టి నల్లబడతాయి. వంటింటి డబ్బాలో వేసవిలో కొన్న ఎండుమిరప ఉంటుంది కదా, తొడిమలు ఊడనివి ఏరి, తొడిమల్ని పురికొసతో ముడేసి దండ కట్టేయండి. మొహం ఎత్తులో కట్టకండి, పిల్లలు ముట్టుకుని కళ్ళు నలుపుకుంటారు. నిమ్మకాయ కూడా మధ్యలో గుచ్చితే దిష్టి దండ అయిపోతుంది, చుట్టాలు వేరే అర్థం చేసుకుంటారు, అది మీ ఇష్టం.

గుమ్మడికాయ గురించి మీరు అడగలేదు కానీ ఎలాగూ కొంటారు కాబట్టి చెప్తున్నాను. తియ్యగుమ్మడి బుర్రలా ఎప్పటికీ ఎండదు, దాని గోడంతా గుజ్జే, పెంకు లేదు. కానీ బాగా పండి తొడిమ ఎండిన కాయ దెబ్బ తగలకుండా నీడలో ఉంచితే నెలల తరబడి ఉంటుంది, అందుకే కోతలప్పుడు దాచిన కాయ సంక్రాంతి దాకా ఉంటుంది. బూడిదగుమ్మడి కూడా అంతే, దాని మీద బూడిదలాంటి పూత దానికి గొడుగు, కడిగి తుడిచి మెరిపించకండి. గుమ్మానికి కట్టిన బూడిదగుమ్మడిని నెలకోసారి కింద నుంచి తట్టి చూడండి. లోపల నీరైపోయినది ఒకరోజు చెప్పాపెట్టకుండా తలుపు తీసినవాళ్ళ నెత్తిన పడుతుంది, మా ఇంట్లో అది మా మరిది నెత్తి మీద పడింది. ఎండబెట్టిన బూడిదగుమ్మడి కావాలంటే వడియాలు పెట్టుకోవడమే.

ఓవెన్ సంగతి. వద్దు. పెంకు బిగుసుకుని లోపలి తడి ఆవిరై పోవడానికి దారి లేక కాయ పగులుతుంది, పగలకపోతే ఉడుకుతుంది. ఉడికిన గింజ మొలవదు కాబట్టి విత్తనం కూడా పోయినట్టే. బెండకాయలు, నేతిబీర పీచు లాంటివి కాస్త తడిగా ఉన్నాయనిపిస్తే బియ్యం డబ్బా పక్కన, ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉండే చోట రెండు రోజులు పెడితే చాలు.

వార్నిష్ పూర్తిగా ఎండాకే, గింజలు తీశాకే. తడి లోపల ఉండగా వార్నిష్ వేస్తే మూత బిగించినట్టే, లోపలే కుళ్ళుతుంది. కొయ్యకి వేసే మామూలు వార్నిష్ పల్చగా రెండు పూతలు వేస్తే తుపాను తేమకి తట్టుకుంటుంది. నాకు మెరుపు నచ్చదు కాబట్టి కొబ్బరినూనె గుడ్డతో రుద్ది వదిలేస్తాను, ఏడాదికోసారి మళ్ళీ రుద్దాలి, చీమలు రెండ్రోజులు వచ్చి చూసి పోతాయి.

మొక్కజొన్నకి అసలు శత్రువు తేమ కాదు, ముక్కుపురుగు. మన రెండు జిల్లాల్లోనూ రబీలో మొక్కజొన్న విరివిగా వేస్తారు, వేసవి మొదట్లో కోతలప్పుడు రైతుని అడిగితే తొక్కతో ఉన్న పొత్తులు పది ఇరవై ఇస్తారు. తొక్క వెనక్కి వలిచి, మూడు పొత్తుల తొక్కలు కలిపి జడ అల్లి, నాలుగు రోజులు గట్టి ఎండలో పెట్టండి, దీనికి మాత్రం ఎండ మంచిదే. తర్వాత ప్లాస్టిక్ కవర్లో చుట్టి డీప్ ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంచితే గింజలో ఉన్న గుడ్లు, పురుగులు చస్తాయి. బయటికి తీశాక కవర్లోనే మామూలు వేడికి రానివ్వాలి, లేకపోతే చెమట పడుతుంది. పొయ్యి పొగ లేని మన ఇళ్ళలో ఇదే నాయనమ్మ వాసానికి బదులు. ఎలకలకి మాత్రం ఫ్రిజ్ వైద్యం లేదు, సన్నటి ఇనప తీగతో గోడకి దూరంగా వేలాడదీయండి.

వరి కుచ్చులు కట్టాలని చాలామందికి సరదా, కానీ దసరాకి మన ఖరీఫ్ వరి ఇంకా పొట్ట మీదో పాల గింజ మీదో ఉంటుంది, కోతలు కార్తీకం, మార్గశిరంలోనే. కాబట్టి అవి సంక్రాంతికి పెట్టుకోండి. కంకులు పూర్తిగా పండాక, నూర్చక ముందు, గడ్డితో సహా తెచ్చి తడిపి అల్లాలి, ఎండిన గడ్డి అల్లితే విరుగుతుంది. వసారాలో వేలాడదీస్తే పిచ్చుకలు వచ్చి తింటాయి. తిననివ్వండి, కుచ్చు కట్టేదే అందుకు.

ఇంక ఈ పండక్కి. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం కాబట్టి దసరా కన్నా కొన్ని రోజులు ఎక్కువే ఉంది మీకు. ఆనపబుర్ర లేకుండానే చేయండి. గోగు పుల్లలు దొరుకుతాయేమో చూడండి, మన ప్రాంతంలో ఒకప్పుడు గోగు విరివిగా వేసేవారు, నార తీసేశాక మిగిలిన తెల్లటి పుల్లలు కాగితమంత తేలికగా ఉంటాయి. పన్నెండు పుల్లల్ని ఒక కట్టగా గోగునారతో బిగించి, అలాంటి కట్టలు రెండు గుమ్మానికి అటూ ఇటూ నిలబెట్టి, పైన అడ్డంగా ఒకటి కట్టండి. అడ్డకట్ట మీద మామూలుగానే మామిడి తోరణం. నిలువు కట్టలకి నేతిబీర పీచులు, ఎండు బెండ కొమ్మలు, పాత మొక్కజొన్న పొత్తులు దొరికితే అవి, కింద వైపు పెద్ద తియ్యగుమ్మడి ఒకటి, చిన్నది ఒకటి, ఇటుక ముక్క మీద పెట్టండి, నేల తడి తగలకుండా. పాత చేట వెనక తెరలా పెట్టి దాని మీద కూడా కట్టొచ్చు, నేను కడితే మా అత్తగారు చిరిగిన చేట గుమ్మంలో ఏంటని అంత పొడుగున లేచారు, పసుపు కుంకుమ పెట్టిన కొత్త చేట తెచ్చి ఇచ్చారు, నిజం చెప్పాలంటే కొత్తదే బాగుంది. ఖాళీలు కనిపిస్తే పొందూరు వైపు తెలిసినవాళ్ళుంటే విచ్చుకున్న కొండపత్తి కాయలు నాలుగు తెప్పించుకోండి, గోధుమ రంగు మధ్యలో ఆ తెలుపు కన్నుని ఆపుతుంది. జిగురు తుపాకీ వాడకండి, అన్నీ నారతో, పురికొసతో కడితే పండగయ్యాక విప్పి అట్టపెట్టెలో దాచుకోవచ్చు. పెట్టెలో ఎండిన వేపాకు పరవండి. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం టెన్షన్ పడకుండా మొత్తం విప్పి లోపలికి తెచ్చేయండి, ముడులు ఎలాగూ పురికొసే కదా, పావుగంట పని.

పాదు మీద మిగిలిన నాలుగు ఆనపకాయల్లో మంచి ఆకారం ఉన్నది ఒక్కటి చూసుకుని దానికి గుడ్డ పీలిక కట్టండి, మిగతా మూడూ లేతగా ఉండగానే కూరకి కోసేయండి. ఆ గుడ్డ కట్టిన కాయ బరువుకి తీగ తెగకుండా కింద నుంచి పాత చీర పీలికతో ఊయలలా వేసి పందిరికి కట్టండి. వానకి తొడిమ దగ్గర నీరు నిలవకుండా పైన ఒక తాటాకు ముక్క కప్పితే ఇంకా మంచిది.

ఇంక మీ రెండో కాయ, ముడతలు పడ్డది, మీరు పారేశారో లేదో రాయలేదు. కుళ్ళు వాసన లేకపోతే పారేయకండి. లేతగా కోసినవి కుళ్ళకుండా ఎండితే ముడతలతోనే గట్టిపడతాయి, వాటిని గిన్నెగా చేయలేం, చెక్కలేం, కానీ పుల్లల కట్ట మీద కట్టడానికి నున్నటి కాయకన్నా అదే బాగుంటుంది. వల సంచిలో వేసి ఫ్యాను కింద వేలాడదీసి, పండగ ముందురోజు ఒకసారి నొక్కి చూడండి.